లాట్వియన్ అనే ఒక్క మాట

మొన్న బహ్రెయిన్‌లో, ముహర్రక్ విమానాశ్రయంలో ఒక గొంతు విని ఆగిపోయాను. మా గదిలో నా పక్క మంచం మీద పడుకునే పోశెట్టి వీసా ముగించుకుని ఇంటికి పోతుంటే సాగనంపడానికి వెళ్ళాను. వాడి సామాను బండి మీదికి ఎత్తి, వాడు లోపలికి పోయి కనబడకుండా అయ్యేదాకా నిలబడి, వెనక్కి తిరిగాను. అట్టపెట్టెల చుట్టూ టేపు లాగుతున్న చప్పుడు, చంటిపిల్ల ఏడుపు, అరబ్బీలో ప్రకటన. వాటి మధ్య నుంచి ఒక ఆడమనిషి మాటలు వినబడ్డాయి. ప్రతి మాటనూ మొదట్లోనే గట్టిగా నొక్కి, చివరను మెల్లగా వదిలేసే తీరు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ భాష ఏదో నాకు తెలిసిపోయింది. దగ్గరకు వెళ్ళి, "ఏమీ అనుకోకండి, మీరు లాట్వియనా?" అని ఇంగ్లీషులో అడిగాను. ఆమె, పక్కనున్న భర్త ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీకెలా తెలిసింది? ఎక్కడికి వెళ్ళినా మమ్మల్ని రష్యన్లే అనుకుంటారు" అందామె. "మా మేడం లాట్వియన్" అన్నాను. ఆ తర్వాత "ఉండేది" అనాలో "ఉంది" అనాలో తోచక, నవ్వేసి వచ్చేశాను. వంతెన మీదుగా బస్సులో జుఫైర్‌కు తిరిగి వస్తున్నంతసేపూ ఇల్జె మేడమే కళ్ళ ముందు మెదిలింది.

నేను జుఫైర్‌లో ఒక హోటల్‌లో పని చేస్తాను. దుప్పట్లు, టవళ్ళు, దిండు గలీబులు ఉతికి ఇస్త్రీ అయి వచ్చాక వాటిని సర్దిపెట్టి అంతస్తులకు పంపే లినెన్ రూము నాది. కిటికీ లేని గది. ఎండాకాలమైనా, అప్పుడప్పుడూ పడే వాన రోజైనా లోపల ఒకటే వెలుతురు, ఒకటే చలి. మా ఊరు జగిత్యాల వైపు. మా అమ్మ నా గురించి అడిగిన వాళ్ళకు "మా గంగాధర్ దుబాయిల ఉన్నడు" అంటుంది. ఇది దుబాయి కాదమ్మా, బహ్రెయిన్ అని మొదట్లో చెప్పేవాణ్ణి. "ఏదైతేంది బిడ్డా, దూరమే గదా" అన్నది ఒకసారి. అప్పటి నుంచి చెప్పడం మానేశాను.

ఇల్జె మేడం హౌస్‌కీపింగ్ మొత్తానికి పెద్దగా వచ్చింది. అరవైకి దగ్గరలో ఉన్న మనిషి. పొడుగ్గా, బక్కగా, నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకుని ఉండేది. ఆమె అడుగు పెట్టిన రోజే పనివాళ్ళంతా "రష్యన్ మేడం" అని పేరు పెట్టేశారు. జుఫైర్ హోటళ్ళలో రష్యన్ అనే మాటకు దేశంతో పెద్దగా సంబంధం ఉండదు. తెల్లటి ఆడమనిషి ఎవరైనా సరే ఆ మాట అనేస్తారు, అనేటప్పుడు పెదవి చివర ఒక వెకిలి నవ్వు ఉంటుంది. ఒకరోజు లిఫ్టులో నేను దుప్పట్ల బండితో నిలబడి ఉండగా ఒక అతిథి ఆమెను పైనుంచి కిందికి చూసి, ఆ నవ్వుతోనే "రష్యన్?" అని అడిగాడు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. "లాట్వియన్. ఈ హోటల్ హౌస్‌కీపింగ్ నా బాధ్యత. మీ గదిలో టవళ్ళు సరిపోయాయా?" అంది. అతను తన అంతస్తు రాకముందే దిగిపోయాడు.

ఆ మాట మా వాళ్ళను పట్టుకుంది. హోటల్ బండి నడిపే షబ్బీర్ భాయ్ పెషావర్ మనిషి, నా కంటే పెద్దవాడు. భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలిచి, "గంగా భాయ్, లాట్వియన్ అంటే క్రైస్తవుల్లో ఒక తెగనా?" అని అడిగాడు. నేను డిగ్రీ దాకా చదివినవాణ్ణే గానీ నాకూ తెలియదు. లాటిన్‌కు సంబంధించినదేమో అన్నాను. ఇద్దరం తల ఊపుకుని అన్నం తిన్నాం. ఆ సాయంత్రం మేడం లినెన్ రూముకు వస్తే ధైర్యం చేసి ఆమెనే అడిగాను. మేము మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. ఇద్దరిదీ అరువు ఇంగ్లీషే కాబట్టి ఒకరిది ఒకరికి తేలిగ్గా అర్థమయ్యేది.

"సముద్రం ఒడ్డున లాట్వియా అని చిన్న దేశం. అక్కడి మనిషి లాట్వియన్. ఆ మనిషి మాట్లాడేదీ లాట్వియనే. అక్కడి రొట్టె లాట్వియన్, అక్కడి చలి లాట్వియన్. ఇంగ్లీషు వాళ్ళు అన్నింటికీ కలిపి ఒక్క మాటే ఇచ్చారు" అంది. ఆమె బడిలో చదువుకున్న పాత నిఘంటువులో ఆ భాషకు లెట్టిష్ అనే మరో పేరు ఉండేదట. ఇప్పుడు ఇంగ్లీషు వాళ్ళు కూడా ఆ మాట మరిచిపోయారట. "మరి మీ భాషలో?" అన్నాను. "మా భాషలో మగవాడైతే లత్వియెటిస్. నేనైతే లత్వియెటె. భాషకైతే ఇంకో రూపం. మా మాటలు ఎప్పుడూ తోకలు మార్చుకుంటూ ఉంటాయి" అని నవ్వింది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "పొద్దున నిన్ను ఒక అరబ్ అతిథి హిందీ అని పిలిచాడు, విన్నాను. నీకు హిందీ బాగా వచ్చా?"

"అంతంతమాత్రమే మేడం. అరబ్బీలో ఇండియా వాళ్ళందరినీ హిందీ అనే అంటారు."

"మరి నువ్వు ఎవరివి?"

ఇక్కడికి వచ్చి ఎన్నో ఏళ్ళైనా నన్ను ఆ మాట అడిగిన వాళ్ళు లేరు. "తెలుగు" అన్నాను.

"అది మనిషి పేరా, భాష పేరా?"

"రెండూ" అన్నాను. మళ్ళీ ఆలోచించి, మగవాడైతే తెలుగాయన, ఆడమనిషైతే తెలుగామె అని కూడా అంటామని చెప్పాను. ఆమె ఆ రెండు మాటలూ నా చేత మళ్ళీ పలికించుకుంది. "చూశావా, మీకూ తోకలున్నాయి" అంది. ఆ మర్నాటి నుంచి నేను బండి సిద్ధం చేసి ఇవ్వగానే "పల్దియెస్" అనేది. ఆమె భాషలో కృతజ్ఞత చెప్పే మాట. తెలుగులో దానికి ఏమంటారో అడిగింది. మేము ఇళ్ళల్లో అలాంటి మాటేదీ అనుకోమని, తలూపితే చాలని చెప్పాను. "మంచి భాష" అంది. నేను పల్దియెస్ అన్నప్పుడల్లా ఆమె పెద్దగా తలూపేది.

ఆమె దగ్గర పని చేయడం సులువు కాదు. దుప్పటి మూల సరిగా మడవకపోతే మొత్తం దొంతరను విప్పించేది. కానీ మనిషిని మాత్రం ఎప్పుడూ దేశం పేరు పెట్టి పిలిచేది కాదు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన రోజా వాళ్ళ ఇంట్లో ఏ భాష మాట్లాడుతుందో, షబ్బీర్ భాయ్ తల్లి ఏ మాటల్లో జోల పాడిందో అడిగి తెలుసుకుంది. మేమంతా ఒకే గదిలో తింటూ కూడా ఒకరినొకరు అడగని సంగతులవి.

శుక్రవారాలు కలిసి గడపడానికి ఆమెకు చుట్టాలు లేరు, నాకూ లేరు. మధ్యాహ్నం డ్యూటీ దిగాక ఒక్కోసారి షబ్బీర్ భాయ్ మమ్మల్ని ముహర్రక్ వైపు సముద్రం పక్కన దించి, తను నమాజుకు వెళ్ళేవాడు. అక్కడ రాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. ఎక్కువగా మాట్లాడుకునేవాళ్ళం కూడా కాదు. అలాంటి ఒక శుక్రవారం నేను ఆమెను అడిగాను. రష్యన్ అంటే అంత కోపం దేనికి మేడం అని.

"కోపమా?" అని ఆశ్చర్యపోయింది. "నా భర్త ఆంద్రేయ్ రష్యనే కదా."

అప్పుడు చెప్పింది. ఆంద్రేయ్ తల్లిదండ్రులు పని కోసం రష్యా నుంచి రీగా నగరానికి వచ్చారు. అతను అక్కడే పుట్టాడు, అక్కడే పెరిగాడు. దేశం విడివడి సొంతంగా నిలబడ్డాక, అతనిలాంటి వాళ్ళు పౌరులు కావాలంటే లాట్వియన్ భాషలో పరీక్ష రాయాలన్నారు. అతనికి ఆ భాష వచ్చు, యాసతోనైనా వచ్చు. "పుట్టిన ఊరికి నేను పరీక్ష రాయను" అన్నాడట. రాయలేదు. ఇంట్లో ఇద్దరూ రష్యన్‌లోనే మాట్లాడుకునేవాళ్ళు. ఆమె నాన్న అల్లుణ్ణి చివరిదాకా "ఆ రష్యన్" అనే పిలిచాడు. అతని వైపు వాళ్ళకు ఈమె ఎప్పటికీ "ఆ లాట్వియా పిల్ల".

"మా భాషలో లత్వియెటిస్ అంటే రక్తం. ఆంద్రేయ్ ఏం చేసినా ఆ మాట అతనికి అంటదు. తర్వాత మేమిద్దరం పెద్ద ఓడల్లో పనికి కుదిరాం. నేను గదులు, అతను వంటిల్లు. అక్కడ ప్రయాణికులు మమ్మల్ని ఇంగ్లీషులో అడిగేవాళ్ళు, మీరెవరని. నేను లాట్వియన్స్ అనేదాన్ని. ఇద్దరికీ కలిపి. వాళ్ళకు రక్తం తెలియదు, పరీక్ష తెలియదు. ఆ దేశం నుంచి వచ్చారు, లాట్వియన్లు, అంతే. మొదటిసారి నేను అలా చెప్పినప్పుడు ఆంద్రేయ్ తల తిప్పి నన్ను చూశాడు. ఆ రోజు వంటిల్లంతా పాటలు పాడాడట."

ఆంద్రేయ్ గుండె జబ్బుతో పోయాడు. అతను లేని ఓడలో ఉండలేక, అతను లేని రీగాకు వెళ్ళలేక ఆమె ఇక్కడికి వచ్చింది. "ఎవరైనా రష్యన్ అంటే ఆ మాటలో నేనొక్కదాన్నే ఉంటాను. లాట్వియన్ అంటే, ఇంగ్లీషులో, అతను కూడా ఉంటాడు" అంది. సముద్రం మీద ఎండ కళ్ళలో పొడుస్తోంది. ఆమె చలువ కళ్ళద్దాలు తీయలేదు.

నేను హైదరాబాదులో చదువుకునేటప్పటి ముచ్చట ఆమెకు చెప్పాను. హాస్టల్‌లో నేను "గట్లనా" అంటే పక్క గదుల నుంచి వచ్చి మరీ నవ్వేవాళ్ళు. నాదీ వాళ్ళదీ తెలుగే. అయినా కొన్నాళ్ళు నోరు తెరవడానికే సిగ్గుపడ్డాను. ఆమె విని, "గట్లనా" అని పలికి చూసుకుంది. ఆమె నోట్లో అది చాలా గంభీరంగా వినిపించింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత ఏడాది, పొద్దున పనులు పంచే సమయంలో ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ తడబడింది. చేతిలో తాళాలు జారిపడ్డాయి. వాటిని చూసింది గానీ వంగలేకపోయింది. నేను పట్టుకునేలోపే గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణానికి భయం లేదని తేలడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ తర్వాత నన్ను లోపలికి రానిచ్చారు.

ఆమె కళ్ళు తెరిచే ఉంది, కుడి చెయ్యి కదలడం లేదు. నన్ను చూసి ఏదో అంది. నేను ఇంగ్లీషులో "ఎలా ఉన్నారు మేడం" అన్నాను. నుదురు ముడుచుకుని విని మళ్ళీ ఏదో అంది. ఆ శబ్దాల్లో నాకు ఏ మాటా దొరకలేదు. మతి పోయిందనే అనుకున్నాను. డాక్టరు సూడాన్ దేశస్థుడు, నెమ్మదైన మనిషి. బయట వరండాలో నాతో చెప్పాడు, "ఇంగ్లీషు పోయినట్టుంది. రష్యన్ అని విని, రష్యన్ వచ్చినామెను పిలిపించాం. ఆమె కాసేపు మాట్లాడి చూసి, ఇది రష్యన్ కాదు, ఏమీ అర్థం కావడం లేదు అంది. ఇలాంటి దెబ్బ తగిలాక కొందరికి అర్థం లేని శబ్దాలే వస్తాయి. అదేనేమో అని నా అనుమానం. కానీ నిర్ధారణగా చెప్పలేను."

మేము మళ్ళీ లోపలికి వచ్చాం. నర్సు ఆమె తల ఎత్తి దిండు సరిచేస్తోంది. తల ఆనగానే మేడం కళ్ళు మూసుకుని, మెల్లగా, "పల్దియెస్" అంది.

"డాక్టర్ గారూ, ఆమె నర్సుకు కృతజ్ఞత చెప్తోంది" అన్నాను. "అది భాషే. లాట్వియన్."

"లెబనానా?" అంది నర్సు. "లిబియానా?"

"కాదమ్మా, లాట్వియా. అదొక దేశం. ఆ భాష పేరూ లాట్వియనే." డాక్టరు వైపు తిరిగాను. "నాకు ఆ ఒక్క మాటే వచ్చు. మిగతాది నాకూ తెలియదు."

డాక్టరు ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు. "వాళ్ళ మనిషిని ఎవరినైనా ఫోన్‌లోకి తీసుకురండి" అన్నాడు. హోటల్‌కు ఫోన్ చేసి, ఆమె అక్క కూతురు లీగా నంబరు సంపాదించాం. రీగా నుంచి లీగా గొంతు వినబడగానే మేడం మొహం మొత్తం ఫోన్ వైపు తిరిగింది. ఇక మాటలు ఆగలేదు. తోకలు మార్చుకుంటూ, మొదట్లో నొక్కుతూ, వరదలా వచ్చాయి. లీగా ఏడుస్తూనే మాకు ఇంగ్లీషులో చెప్పింది. దాహంగా ఉందట. కుడి చెయ్యి ఎవరిదో తెలియడం లేదట. ఎవరూ జవాబు ఇవ్వడం లేదేమిటి, నేను చచ్చిపోయానా అని అడుగుతోందట.

డాక్టరు తనే నీళ్ళు తెప్పించి, చెంచాతో కొద్దికొద్దిగా తాగించాడు. లీగా మళ్ళీ ఏదో వింది. "ఆంద్రేయ్ బాబాయ్ ఎక్కడ అని అడుగుతోంది" అంది. "అతనితో మాట్లాడుతోంది. లాట్వియన్‌లో. వాళ్ళిద్దరూ ఏనాడూ లాట్వియన్‌లో మాట్లాడుకోలేదు."

రష్యన్ కూడా పోయింది ఆమెకు. ఓడల్లో నేర్చిన ఇంగ్లీషు, భర్తతో కాపురం చేసిన రష్యన్, రెండూ పోయి, చిన్నప్పుడు అమ్మ నేర్పిన మాటలే మిగిలాయి. ఆంద్రేయ్ పరీక్ష రాయనన్న భాషలోనే ఆమె ఇప్పుడు అతన్ని వెతుక్కుంటోంది. గదికి వచ్చే బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్న వాళ్ళు ఇంటి నుంచి చెడ్డ కబురేదో వచ్చిందనుకుని చోటిచ్చారు.

లీగా వచ్చి ఆమెను తీసుకెళ్ళింది. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ పక్కన నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. లీగా టికెట్ల దగ్గరికి వెళ్ళింది. మేడం ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. ఒకచోట నవ్వింది. ఒకచోట వేలెత్తి హెచ్చరించింది, బహుశా దుప్పట్ల మూలల గురించేమో. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు ఇంగ్లీషులో జవాబివ్వడం అనవసరం అనిపించింది. "మంచిగ పో మేడం. పానం జర చూస్కో. నా గురించి రంది వెట్టుకోకు" అన్నాను. ఆమె శ్రద్ధగా విని, పెద్దగా తలూపింది.

వెళ్ళాక లీగా నుంచి ఫోన్ వచ్చింది. మీ గొంతు వినిపిస్తే బాగుంటుందేమో, ఒకసారి మాట్లాడతారా అని. అప్పటి నుంచి శుక్రవారం మధ్యాహ్నాలు వీడియో కాల్ చేసేవాణ్ణి. ఆమె లాట్వియన్‌లో మాట్లాడేది, నేను తెలుగులో. మొదట్లో సిగ్గుగా ఉండేది. ఏం చెప్పాలో తెలియక, ఎండ ఎంత ఉందో, ఏం వండుకున్నానో చెప్పేవాణ్ణి. ఆమె కిటికీ అవతల మంచు, ఒక బోసి చెట్టు. ఆమె చెప్పేది నేను వినేవాణ్ణి, నేను చెప్పేది ఆమె వినేది. ఒకరు ఆగితే ఒకరు అందుకునేవాళ్ళం. ఏ మాటకూ తప్పు పట్టడానికి అవతల ఎవరూ లేరు. నేను ఏది చెప్పినా అది నా నోట్లో ఉన్నట్టే బయటికి వచ్చేది, గట్లనే, గిట్లనే అని.

అలాంటి ఒక శుక్రవారం, మా నాయిన సంగతి బయటికి వచ్చింది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలోనే నాయిన పోయాడు. నా వీసా కాగితాలు అప్పుడు మార్పులో ఉండి, దేశం దాటే వీలు లేకపోయింది. తమ్ముడు తలకొరివి పెట్టాడు. లినెన్ రూములో టవళ్ళ దొంతర మీద ఫోన్ నిలబెట్టి వీడియోలో చూస్తున్నాను. పాడె లేపారు, డప్పు వినబడింది, వాగు దాటారు. కట్టెల మీద పడుకోబెట్టేసరికి సిగ్నల్ పోయింది. మళ్ళీ కలిసేసరికి మంటలు లేచి ఉన్నాయి. నాయిన మొహం కనబడలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని మిగతా టవళ్ళు మడిచాను. ఆ సంగతి గదిలో వాళ్ళకు చెప్పలేదు. ఇక్కడ అందరికీ అలాంటిదే ఒకటి ఉంటుంది, ఎవరూ బయటికి తీయరు. ఇంటికి చెప్పలేదు. లావణ్య, నా భార్య, "చూసినవా" అని అడిగితే "చూసిన" అన్నాను. ఆ రోజు మేడంకు అంతా చెప్పాను, టవళ్ళు మడవడంతో సహా. నేను ఆగాక ఆమె మెల్లగా ఏదో అంది. చిన్న మాట. ఓదార్పో, ప్రశ్నో, ఆంద్రేయ్ పేరో. అడిగి తెలుసుకోవాలనిపించలేదు.

పోయిన చలికాలం లీగా కబురు పంపింది. నిద్రలోనే పోయిందట. ఆంద్రేయ్ పక్కనే చోటు దొరికిందట.

ఆ తర్వాత శుక్రవారం మధ్యాహ్నాలు గడవడం కష్టమైంది. డ్యూటీ దిగి, స్నానం చేసి, మంచం మీద కూర్చుంటే నోటి దాకా మాటలు వచ్చి ఆగిపోయేవి. ఎన్నో ఏళ్ళుగా ఇంటికి నేను చేసే ఫోన్లన్నీ ఒకటే తీరు. మంచిగున్న, మీరు మంచిగున్నరా, పిల్ల బడికి పోతుందా, పెట్టేస్తున్న. లావణ్య కూడా అంతకు మించి అడగడం మానేసింది. పోశెట్టిని సాగనంపి వచ్చిన రోజు గదిలో పక్క మంచం ఖాళీగా ఉంది. లావణ్యకు ఫోన్ చేశాను. తను బీడీలు చుడుతూ మాట్లాడుతోంది, ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినబడుతోంది.

"మంచిగున్నవా?" అంది.

మంచిగున్న అనబోయి ఆగాను. "లావణ్యా, నాయిన పోయిన నాడు నేనేం జేసిన్నో నీకు ఎన్నడు జెప్పలే" అన్నాను.

కత్తెర చప్పుడు ఆగింది. ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నట్టుంది.

"చెప్పు" అంది.